అంకుల్ పడవకు మళ్ళీ కట్టు: హీలో పందెం పనుల డైరీ

పందేనికి పదకొండు వారాలు

పాకలో వెనుక వరుసన మూడేళ్ళుగా బోర్లించి ఉన్న పాత పడవను ఈ ఉదయం పన్నెండుమందిమి కలిసి ఎత్తి, బయట పచ్చిక మీద పరిచిన టైర్లపైకి చేర్చాము. దాని కింద రెండు బల్లి గుడ్లు, ఒంటి చెప్పు ఒకటి, ఎండి రాయిలా మారిన ఒక స్పాంజి దొరికాయి. పడవ పొడవు 43 అడుగులు. ఆరుగురు ఒకరి వెనుక ఒకరు కూర్చుని తెడ్డు వేసే ఈ పడవ వెడల్పు మాత్రం మనిషి తుంటి పట్టేంతే కాబట్టి, పక్కన తోడు లేకుండా నీళ్ళలో దింపితే అది క్షణం కూడా నిటారుగా నిలవదు. ఆ తోడు ఎడమ వైపున తేలే పొడవాటి దుంగ, దాని పేరు ఆమా. ఆమాను పడవకు కలిపే రెండు వంపు కర్రలను ఇయాకోలు అంటారు. హవాయి భాషలో పడవ వఆ, తెడ్డు హోఏ, తిరగబడటం హులీ. ఈ డైరీలో ఈ మాటలు పదేపదే వస్తాయి కనుక మొదటే చెబుతున్నాను.

మా క్లబ్బు హవాయి పెద్ద దీవి తూర్పు తీరాన, హీలో అఖాతం ఒడ్డున ఉంది. నలభై ఏళ్ళ పాటు ఇక్కడ తెడ్డు వేసి, పడవలు బాగుచేసి, నాలాంటి పైవాళ్ళకు కూడా కూర్చోవడం దగ్గర నుంచి నేర్పిన అంకుల్ నిరుడు నవంబరులో పోయారు. ఆయన జ్ఞాపకార్థం సెప్టెంబరులో క్లబ్బుల మధ్య ఒక పందెం పెడుతున్నాము. ఇక్కడ వయసులో పెద్దవారిని ఎవరినైనా అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. మన దగ్గర బాబాయిగారూ, పిన్నిగారూ అని చుట్టరికం కలుపుకున్నంత సహజంగా సాగే ఆ పిలుపు, భీమిలి నుంచి వచ్చిన నాకు ఈ ఊళ్ళో దొరికిన మొదటి సౌకర్యం. ఆయన పేరును నేను ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే పందెం బ్యానరు మీద కూడా పేరును చిన్న అక్షరాలలోనే వేయాలని ఆయన భార్య, అంటే మా ఆంటీ, గట్టిగా చెప్పారు. ఆవిడ కోరింది ఒక్కటే, ఆయన చేతి పడవ ఆ రోజు నీళ్ళలో ఉండాలి. ఆ పని నాకూ మరో ఇద్దరికీ పడింది.

అనుమతుల సంగతి మాకంటే తెలివైనవాళ్ళు ముందే చూశారు. సముద్రం మీద కొత్తగా పందెం పెట్టాలంటే అమెరికా కోస్ట్ గార్డుకు 135 రోజుల ముందే దరఖాస్తు ఇవ్వాలి. ఏటా జరిగే పందేలకైతే 60 రోజులు చాలు. మాది మొదటి ఏడు కాబట్టి ఏప్రిల్లోనే కాగితాలు వెళ్ళిపోయాయి, పడవే వెనుకబడింది.

పది వారాలు

పావు డాలరు నాణెంతో పడవ అడుగు అంతటినీ అంగుళం అంగుళంగా తట్టి చూశాము. గట్టిగా ఉన్న చోట నాణెం ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట కుండకు చిల్లు పడినట్టు మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన ప్రతి చోటా నూనె పెన్సిలుతో గీత గీస్తూ పోగా మధ్యాహ్నానికి పడవ అడుగు దీవుల పటంలా తయారైంది. మొత్తం తొమ్మిది మచ్చలు తేలాయి, వాటిలో పెద్దది నాలుగో సీటు కింద అరచేతులు రెండు పరిచినంత ఉంది. ముందు భాగంలో ఒక పాత అతుకు కూడా కనిపించింది, ఎవరో తొందరలో చేసిన పని. అంకుల్ చేసిన అతుకులను గుర్తుపట్టడం తేలిక, ఎందుకంటే వాటి మీద వేలు పోనిస్తే అంచు తగలదు.

ఇది ఫైబర్‌గ్లాస్ పడవ, అంటే గాజునార గుడ్డను జిగురుతో పొరలు పొరలుగా అతికించి చేసింది. 1933లో కోవా మానుతో చెక్కిన మాలియా అనే పందెం పడవను 1959లో కాలిఫోర్నియాకు తీసుకువెళ్ళినప్పుడు దాని నుంచి అచ్చు తీశారు. ఆ ఆకృతి సంతతికి చెందిన పడవలలో ఇదొకటి. కోవా అంటే మనకు పాలకోవా గుర్తుకు వస్తుంది కానీ, ఇక్కడ అది తుమ్మకు దగ్గరి చుట్టమైన ఒక పెద్ద చెట్టు. ఒంటి మానుతో దొలిచే కోవా పడవలకు ఇక్కడ ఉన్న గౌరవం వేరు. పడవ పందెం 1986 నుంచి హవాయి రాష్ట్ర అధికారిక జట్టు క్రీడ కూడా. మా పాత ఫైబర్‌గ్లాస్ పడవకు ఆ దర్జా లేదు, అయితే పిల్లలను, మొదటిసారి వచ్చినవాళ్ళను, రాళ్ళకు తగిలించేవాళ్ళను నలభై ఏళ్ళుగా మోసింది ఇదే.

తూకం వేస్తే 437 పౌండ్లు తూగింది. ఇక్కడి పందేలలో పడవ కనీస బరువు 400 పౌండ్లు (సుమారు 181 కిలోలు) కాబట్టి, అదనంగా ఉన్న 37 పౌండ్లలో తేమ ఎంత, పాత రంగుల పొరలు ఎంత అన్నది మా లెక్కకు రావలసిన ప్రశ్న.

ఎనిమిది వారాలు

ఈ రెండు వారాలలో నేర్చుకున్నదానికంటే పాడుచేసింది ఎక్కువ. విడిపోయిన పొరలను గ్రైండరుతో కోసి, గాయం అంచును ఒక్కసారిగా ఆపకుండా ఏటవాలుగా పలుచన చేయాలి. అంగుళం మందానికి పన్నెండు అంగుళాల వాలు అన్నది లెక్క. కొత్త గుడ్డ పొరలు ఆ వాలు మీద మెట్లు మెట్లుగా కూర్చుంటేనే బలం పాత పొర నుంచి కొత్త పొరకు పాకుతుంది. ఇంతవరకు బాగానే చేశాము. ఎపాక్సీ (రెసిన్ అనే చిక్కటి ద్రవం, దాన్ని గట్టిపరిచే హార్డెనరు కలిసిన జిగురు) కలపడం దగ్గర నేను తప్పు చేశాను. ఐదు పాళ్ళ రెసిన్‌కు ఒక పాలు హార్డెనరు అన్న కొలత సరిగానే పాటించాను కానీ, పదే పదే కలిపే శ్రమ తప్పుతుందని మూడు అతుకులకు కావలసినదంతా ఒకే లోతు డబ్బాలో కలిపేశాను. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. పలుచగా పరిస్తే ఆ వేడి గాలిలోకి పోతుంది, లోతు డబ్బాలో అయితే తనను తానే ఉడకబెట్టుకుంటుంది. రెండో అతుకు మీద గుడ్డ తడుపుతుండగానే డబ్బా చేయి కాలేంత వేడెక్కి, పసుపుపచ్చని పొగ వదిలి, కుంచెతో సహా రాయి అయిపోయింది. దాన్ని ఇసుకలోకి విసిరేశాను. ఆ ముద్దను మా వాళ్ళు పాక గుమ్మం దగ్గర అలంకారంగా పెట్టారు, అందులో నా కుంచె ఇప్పటికీ నిలబడి ఉంది.

రెండో శత్రువు వాన. హీలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది, అంటే దాదాపు మూడు విశాఖల వాన. తేమ గాలిలో గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డులాంటి సన్నని మైనపు పొర తేలుతుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్దితే పోదు సరికదా లోపలికి మరింత అంటుకుంటుంది. ముందుగా మంచినీళ్ళతో, పాత్రలు తోమే పీచుతో కడిగి, ఆరిన తరువాతనే గరుకు కాగితం పట్టాలి. ఈ వరుస తెలియక మేము మొదటి అతుకు మీద రెండో పొర వేశాము. మర్నాడు గోరుతో లాగితే అది అరటి ఆకులా ఊడి వచ్చింది, మళ్ళీ మొదటికి వచ్చాము.

ఆరు వారాలు

ఆమా బయటికి చక్కగానే కనిపించినా, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల నీళ్ళు గలగలమన్నాయి. తేలవలసిన దుంగలో నీళ్ళుంటే పడవ ఆ వైపుకు ఈడుస్తుంది, అలల ఊపులో బరువు ముందుకూ వెనుకకూ పరిగెత్తుతుంది. బిరడా తీసి ఒక పక్కకు వంచితే దాదాపు రెండు లీటర్ల ఉప్పునీళ్ళు కారాయి. నీళ్ళు ఎక్కడ దూరుతున్నాయో కనిపెట్టడానికి బిరడా రంధ్రంలో సైకిలు పంపు గొట్టం దూర్చి, చుట్టూ మైనం పెట్టి, ఆమా అంతటికీ సబ్బునీళ్ళు పూసి, చాలా మెల్లగా గాలి కొట్టాము. గట్టిగా కొడితే అతుకు విచ్చుకుంటుంది. మొదట ఏమీ కనిపించలేదు. తరువాత వెనుక ఇయాకో కూర్చునే పీట పక్కన ఆవగింజంత బుడగ లేచి, పగలకుండా నిలబడి, దాని పక్కనే ఇంకొకటి, ఇంకొకటి చొప్పున ముగ్గులో చుక్కలు పెట్టినట్టు వరుస కట్టాయి. వెంట్రుకవాసి పగులు, రెండంగుళాల పొడవు. పదేళ్ళ కుర్రాడొకడు దాన్ని నాకంటే ముందే చూశాడు.

రంగు విషయంలో ఒక వారం పోయింది. ఎపాక్సీ మీద పడవలకు వేసే మామూలు పైపూత, అంటే జెల్‌కోటు, సరిగా పట్టదు కాబట్టి రెండు భాగాల పాలీయురెథేన్ రంగు తెప్పించాము, ఒక దుకాణం వాళ్ళు హార్డెనరు బదులు పలుచన చేసే ద్రవం డబ్బాలు రెండు పంపారు. దీవిలో ఉంటే తప్పు సరుకు వెనక్కి పోయి సరైనది రావడానికి పది రోజులు. ఈలోగా గరుకు కాగితం పట్టాము. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, భుజాలకు తెలుసు.

నాలుగు వారాలు

ఈ డైరీ మొదలుపెట్టింది నిజానికి ఈ వారం కోసమే. ఇయాకోలను పడవకు కట్టే పని వచ్చింది. బోల్టులు ఉండవు, మేకులు ఉండవు. పడవ లోపల రెండు గోడలకూ అడ్డంగా వాఏ అనే వంపు చెక్క బిగించి ఉంటుంది. ఇయాకోను పడవ అంచుల మీద పెట్టి, తాడును ఇయాకో పై నుంచి తెచ్చి వాఏ కిందుగా తిప్పి మళ్ళీ పైకి, అలా పక్కపక్కన చుట్లు వేసి, చివరన ఆ నిలువు చుట్లనన్నిటినీ అడ్డంగా నడుము పట్టి బిగించినట్టు చుట్టాలి. ఆ అడ్డచుట్లే అసలు బిగింపు. ఒకప్పుడు ఇందుకు కొబ్బరి పీచుతో పేనిన తాడే వాడేవారు. మన తూర్పు తీరంలో కూడా పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసూలా పడవలు తిరిగాయి, తెప్ప దుంగలను ఇప్పటికీ తాళ్ళతోనే బిగిస్తారు. మా భీమిలి ఒడ్డున తెప్ప కట్టు విప్పి దుంగలను ఆరబెట్టడం నేను చిన్నప్పుడు రోజూ చూసిందే, కానీ ఆ కట్టులో మెలకువ ఉందని ఇక్కడికి వచ్చి ఒకరు తిట్టే వరకు తోచలేదు.

తిట్టింది అంకులే. ఇప్పుడు చాలా క్లబ్బులు రబ్బరు పట్టీలు వాడతాయి, అవి తొందరగా అవుతాయి, సాగి మళ్ళీ లాగుతాయి. ఆయన పత్తి తాడు తప్ప మరొకటి ముట్టేవారు కారు. నైలాను తడిస్తే సాగుతుంది. పత్తి తాడు తడిస్తే లావెక్కి పొట్టిబడుతుంది, కనుక పొడిగా ఉన్నప్పుడు కట్టిన కట్టు సముద్రంలోకి దిగాక తనంతట తానే ఇంకా బిగుస్తుంది. మేము కట్టు ముగించాక ఆయన వచ్చి, అడ్డచుట్ల మధ్య బొటనవేలు పెట్టి నొక్కేవారు. వేలు లోపలికి దిగితే ఒకటే మాట, విప్పు. వేలు దిగకపోతే మాటే ఉండేది కాదు, పక్క ఇయాకో దగ్గరికి వెళ్ళేవారు. మూడేళ్ళలో ఆయన నా కట్టును మెచ్చుకున్నది ఇలా మాట్లాడకుండా వెళ్ళిపోవడం ద్వారానే, అది కూడా రెండుసార్లు.

ఆంటీ ఆయన నోటుపుస్తకం తెచ్చి ఇచ్చారు. ప్రతి పడవకూ ఒక పుట ఉంది, పెన్సిలు రాత, నూనె మరకలు. ఈ పడవ పుటలో ఆమా ముందు కొన నుంచి పడవ మధ్యరేఖకు ఎంత దూరం, వెనుక కొన నుంచి ఎంత అన్నది పదకొండు తేదీలతో రాసి ఉంది. ముందు దూరం వెనుకదానికంటే అర అంగుళం తక్కువ ఉండాలని ఒక చోట రెండు గీతలు గీసి ఉంది. అఖాతంలో నీళ్ళు నిశ్చలంగా ఉంటే ఇయాకో కింద ఏ చెక్కముక్క పెట్టాలో, బయట కెరటం ఉంటే ఏది పెట్టాలో కూడా రాశారు. ఆమా ఎంత ఎత్తున కూర్చుంటుందన్నది ఆ చెక్కముక్కలే నిర్ణయిస్తాయి. ఇంత లెక్క ఆయన బుర్రలో ఉండేదని అనుకున్నాము, పుస్తకంలో ఉందని ఎవరికీ తెలియదు.

రెండు వారాలు

నా కట్టు వదులైంది. ఎలా జరిగిందో పూర్తిగా రాస్తాను, ఎవరైనా ఇదే పొరపాటు చేయకుండా ఉండటానికి కాకపోయినా నేను మళ్ళీ చేయకుండా ఉండటానికి. శుక్రవారం రాత్రి పాక కప్పు కారి తాడు చుట్ట తడిసింది. శనివారం వేకువన దాన్ని అలాగే తీసి ముందు ఇయాకోకు కట్టాను. తడి తాడు చేతికి గట్టిగా, లొంగినట్టుగా తగిలింది, బొటనవేలు దిగలేదు, తృప్తిగా టిఫిన్‌కు వెళ్ళాను. పది గంటలకు ఎండ కాసింది. తడిసి పొట్టిబడిన తాడు ఆరి తన అసలు పొడవుకు వచ్చింది. పదకొండుకు పడవను నీళ్ళలోకి దింపి ఆరుగురం అలల అడ్డుగోడ వైపు బయలుదేరాము. మూడో సీటులోని ఆవిడ హట్ అనడం, మేము హో అని తెడ్డు పక్క మార్చడం బాగానే సాగుతుండగా, ఎడమ నుంచి ఒక చిన్న అల తగిలినప్పుడు ముందు ఇయాకో కిర్రుమని పక్కకు జరిగింది. చుక్కాని పట్టిన పెద్దాయన ఒక్క మాటతో అందరినీ ఎడమకు ఒరగమన్నారు కాబట్టి మునగలేదు. వెనక్కి మెల్లగా వచ్చాము. అంకుల్ ఉంటే ఏమనేవారో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, నేనే విప్పాను.

అదే మధ్యాహ్నం, ఎలాగూ తడిశాము కదా అని, కావాలనే హులీ చేసి సాధన చేశాము. పడవ తిరగబడగానే ప్రతి ఒక్కరూ తమ సీటు సంఖ్య అరవాలి, ఆరు సంఖ్యలూ వినిపించే వరకు ఇంకే పనీ లేదు. తరువాత ఇద్దరు బోర్లాపడిన పడవ అడుగు మీదికెక్కి ఇయాకోలను పట్టుకుని వెనక్కి వాలతారు, మిగిలినవారు కింద నుంచి ఆమాను పైకి నెడతారు. పడవ నిలబడ్డాక నీళ్ళు తోడటం. మొదటిసారి ఏడు నిమిషాలు, మూడోసారి నాలుగు పట్టింది.

ఒక వారం

ఒక సీటు ఖాళీగా ఉంచి, అందులో ఆయన తెడ్డు పెట్టి పందెం నడపాలని కొందరు ప్రతిపాదించారు. వినడానికి బాగుంది, నేనూ తల ఊపాను. ఆయన ఎప్పుడూ కూర్చున్నది ఐదో సీటు, పడవలోకి చేరిన నీళ్ళు తోడే బాధ్యత ఆ సీటుదే. ఆంటీ అంతా విని, ఖాళీ సీటు నీళ్ళు తోడదు కదా అన్నారు. చర్చ అక్కడితో ముగిసింది. ఐదో సీటు క్లబ్బులో చేరి ఏడాది కూడా నిండని పదహారేళ్ళ అమ్మాయికి చీటీలో వచ్చింది. ఆయన నీళ్ళు తోడిన డబ్బాను, అంటే గాలను బ్లీచింగ్ సీసాను పిడి ఉంచి ఏటవాలుగా కోసి చేసినదాన్ని, ఆ అమ్మాయికి అప్పగించాము. దాని అంచు ఎన్నేళ్ళో పడవ అడుగుకు రాసుకుని ఆ వంపుకే అరిగి ఉంది. తెడ్డు ఆంటీ దగ్గరే ఉంది.

పూలదండల గురించి కూడా ఒక నిర్ణయం జరిగింది. సముద్రంలో వదిలే లేయిలకు దారం ఉండకూడదు, తాబేళ్ళ మెడకు చుట్టుకుంటుంది. అందుకని తీ అనే మొక్క ఆకులను పురిపెట్టి అల్లినవి, లేదా వదిలే ముందు దారం లాగేసి విడిపూలు మాత్రమే. ఆకులు పురిపెట్టే పని చూస్తూ కూర్చుంటే మా ఊరి తాళ్ళు పేనే అరుగులు గుర్తుకు వచ్చాయి.

పందెం రోజు

తెల్లవారుజామున వాన, ఆరు గంటలకు ఆగింది. మౌనా కేయా శిఖరం పావుగంట కనిపించి మబ్బులోకి పోయింది. పడవలు దించిన ఈ ఒడ్డున ఇళ్ళు లేకపోవడానికి కారణం 1946 ఏప్రిల్ 1న, తిరిగి 1960 మే 23న వచ్చిన సునామీలు. రెండోసారి అర్ధరాత్రి దాటిన 1:04కు ఆగిపోయిన గడియారం వయాకేయా దగ్గర ఇంకా నిలబడే ఉంది. ఆ తరువాత ఇక్కడ మళ్ళీ ఇళ్ళు కట్టనివ్వలేదు, పచ్చికా పడవల పాకలూ మిగిలాయి. ఆ రెండో సునామీ నాటికి అంకుల్‌కు పదేళ్ళు. ఆ రాత్రి గురించి ఆయన చెప్పింది ఒక్కటే, నీళ్ళు వెనక్కి పోయినప్పుడు చేపల వాసన వచ్చిందని.

పద్నాలుగు పడవలు వచ్చాయి. మోకువోలా దీవి పక్కన అన్నీ గుండ్రంగా చేరి, పక్క పడవ అంచు పట్టుకుని, పూలు వదిలి, తెడ్డులతో నీళ్ళు చిమ్మాయి. తరువాత పందెం. అడ్డుగోడ కొసను దాటి ఉత్తరంగా హోనోలీయి వైపు వెళ్ళి, అక్కడ నీటిపై తేలే గుర్తు, అంటే బోయా, చుట్టి తిరిగి రావడం, మొత్తం దాదాపు ఎనిమిది మైళ్ళు. నేను వెంట వెళ్ళే మోటారు బోటులో తాడు చుట్ట ఒకటి, పొడిది, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు ఈశాన్య గాలి కుడి నుంచి కాబట్టి భయం లేదు. తిరిగి వచ్చేటప్పుడు కెరటం ఆమా వైపు నుంచే తగిలి దాన్ని లేపుతుంది, హులీలు అక్కడే అవుతాయి. రెండు పడవలు తిరగబడ్డాయి, పన్నెండు సంఖ్యలూ వినిపించాయి. మా పాత పడవ ఆమా ఒకసారి నీటి మీద అడుగెత్తు లేచి, నా కడుపులో ఏదో జారి, మళ్ళీ కూర్చుంది. ఐదో సీటు అమ్మాయి మూడు తెడ్లకోసారి తెడ్డు కింద పెట్టి డబ్బా అందుకుని తోడుతూనే ఉంది. పద్నాలుగింటిలో మాది పదకొండో స్థానం.

ఆంటీ ఒడ్డున పడవ దగ్గరికి వచ్చి ముందు కట్టు మీద బొటనవేలు పెట్టారు. ఏమీ అనలేదు. తరువాత వెనుక కట్టు దగ్గరికి వెళ్ళి అక్కడా పెట్టి, నా వంక చూశారు.

మర్నాడు

పడవను మంచినీళ్ళతో కడిగి, కొలతలు తీశాను. ముందు దూరం మారలేదు. వెనుక పావు అంగుళం జరిగింది. ఆయన పుటలో ఉన్న పదకొండు తేదీల కింద పన్నెండోది రాసి, రెండు అంకెలూ వేశాను. వెనుక కట్టు విప్పి, తాడును ఉప్పు పోయే వరకు రెండుసార్లు జాడించి, పాకలో కప్పు కారని వైపు చూసి ఆరవేశాను. శనివారం నాటికి ఆరితే మళ్ళీ కట్టాలి. ఈ ఊళ్ళో ఆరుతుందన్న నమ్మకం లేదు, రెండో చుట్ట కూడా తెప్పించాను.